లైటింగుకు నిలబడే మనిషి

కుడికాలి బొటనవేలు సుద్దగీతకు ఆనించి, మెట్ల కమ్మీ మీద చెయ్యి వేసి, కరుణాకుమారి గడ్డం కొద్దిగా పైకెత్తింది. పైనున్న పెద్ద లైటు ముఖం మీద పడింది. కళ్లు మూయకూడదు. కెమెరామన్ సూర్యప్రకాశరావు వెలుగు కొలిచే మీటరు తెచ్చి ఆమె ముక్కు దగ్గర పెట్టి చూసి, పెదవి విరిచి వెనక్కి వెళ్లాడు.

"ఆ లైటు కాస్త దించండయ్యా. కరుణా, నువ్వు కదలకమ్మా."

కరుణ కదలలేదు. కదలకుండా ఉండటమే ఆమె ఉద్యోగం. హీరోయిన్ మంజులత మేకప్ గదిలో చల్లగా కూర్చుని బొట్టు దిద్దించుకుంటుంటే, అదే రంగు చీర కట్టుకుని అదే ఎత్తున్న మనిషి ఒకరు ఆమె చోట నిలబడాలి. లైట్లన్నీ ఆ మనిషి మీద సరిచూసుకున్నాక అసలు మనిషి వస్తుంది. ఈ మనిషి తప్పుకుంటుంది. ఎన్నో సినిమాలకు వెలుగు ముందు కరుణ ముఖం మీదే పడింది గానీ, తెర మీద ఆమె గోరు కూడా ఎవరూ చూడలేదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. నిలబడి తినేవాళ్ల సంగతి ఏమిటో వాళ్లు చెప్పలేదు.

ఒకప్పుడు ఆమె గ్రూప్ డాన్సరు. పరిశ్రమ మద్రాసు వదిలి ఫిల్మ్ నగర్‌కు సామాను సర్దుకుంటున్న రోజుల్లో తనూ ఒక ట్రంకు పెట్టెతో వచ్చింది. ఎనభై ఏడులో ఒక వాన పాట చేసింది. ఆ పాట అయ్యాక జ్వరం వచ్చింది. జ్వరం రెండు వారాల్లో పోయింది గానీ, పోతూ పోతూ ఒంట్లోంచి ఇంకేదో పట్టుకుపోయింది. ఆ తరువాత మళ్లీ గజ్జె కట్టలేదు. డాన్సు మాస్టరు జాలిపడి, నిలబడే పనైతే సులువు కదా అని ఇందులో పెట్టించాడు. ఆయన మంచివాడే. కాకపోతే ఆమె జబ్బుకు నిలబడటం కంటే పెద్ద శిక్ష లేదని ఆయనకు తెలియదు, అప్పటికి ఆమెకూ తెలియదు.

ముందు మడమలు బరువెక్కుతాయి. ఆ బరువు పిక్కల్లోకి పాకుతుంది. పైన తల తేలికైపోతుంది, చప్పుళ్లు దూరం జరుగుతాయి, అంచుల నుంచి చూపు నల్లబడుతూ వస్తుంది. అప్పుడు కరుణ చీర కుచ్చెళ్ల చాటున కాలివేళ్లు ముడుస్తుంది, పిక్కలు బిగిస్తుంది, మళ్లీ వదులుతుంది. ఎవరికీ కనపడదు. అలా బిగించి బిగించి ఇన్నేళ్లూ ఒక్క సెట్టులోనూ పడిపోకుండా నెట్టుకొచ్చింది.

ఈ మధ్య ఇంకొకటి మొదలైంది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. సుద్దగీత మీది నుంచి తప్పుకుని పక్కకొచ్చి కూర్చున్నా, తను ఇంకా అక్కడే నిలబడి ఉన్నట్టు ఉంటోంది. కూర్చున్న మనిషికి కూర్చున్నట్టే తెలుస్తుంది, అయినా అక్కడ లైటు మారినప్పుడల్లా ఇక్కడ ముఖం మీద వేడి మారుతుంది. నీరసం వల్ల అలా అనిపిస్తోందనుకుంది. కానీ పోయిన వారం ఒక లైట్‌మాన్ ఖాళీగా ఉన్న గీతను చుట్టి వెళ్లాడు, మనిషి అడ్డం ఉంటే పక్కకు తప్పుకుని వెళ్లినట్టు.

"ఓకే, మేడమ్‌ని పిలవండి" అన్నాడు సూర్యప్రకాశరావు.

మంజులత వచ్చింది. వయసులో చిన్నది, కలుపుగోలు పిల్ల. మెట్టు మీద నిలబడి కమ్మీ పట్టుకుని, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని మోచెయ్యి రుద్దుకుంది. "ఇక్కడ ఎవరో ఉన్నట్టుందేంటండీ?" అని నవ్వింది. అందరూ నవ్వారు. పక్కన స్టూలు మీద కూర్చున్న కరుణ మాత్రం చీర కొంగు చేతికి చుట్టుకుంది.

చీరలు ఇస్త్రీ చేసి కట్టించే రాజమ్మ ఆమెకు మజ్జిగ తెచ్చిచ్చింది. ఉప్పు దట్టంగా వేసి ఉంది. రాజమ్మది బోరబండ. ఎవరేమనుకున్నా మొహమ్మీదే మాట్లాడే మనిషి.

"మొఖమంత సున్నం గొట్టినట్టయింది బిడ్డా. జర కూసో. మల్ల లేవకు."

"ఇవాళ ఫర్వాలేదు రాజమ్మా. ఇక మిగిలింది చావు సీనే కదా. పడుకునే పని" అంది కరుణ సంతోషంగా.

ఆమె సంతోషానికి కారణం ఉంది. సాయంత్రం నాలుగింటికి బంజారా హిల్స్‌లో డాక్టరు సత్యనారాయణమూర్తి ఆమెను పరీక్ష చేస్తానన్నాడు. ఆ పరీక్ష కోసం ఆమె ఎంతోకాలంగా ఎదురుచూస్తోంది.

ఆ జబ్బు పేరు చెబితే నవ్వని వాళ్లు లేరు. తీరని అలసట అట. అలసట ఎవరికి లేదమ్మా అన్నాడొక డాక్టరు. పెళ్లి చేసుకుంటే పోతుందన్నాడు ఇంకొకడు. నరాల బలహీనత అని ఎర్ర టానిక్కు రాసిచ్చినవాళ్లు ఎందరో. రక్తం తీసిన ప్రతిసారీ అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ బాగానే ఉండి మనిషి మాత్రం బాగాలేకపోతే, లోకం దృష్టిలో తప్పు మనిషిదే. సొంత అన్నయ్య కూడా గుంటూరు నుంచి వచ్చి, ఒంటికి బద్ధకం అలవాటైందని చెప్పి వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం ఆమెకు ఇప్పటికీ మంటే.

నమ్మినది తెరెసా ఒక్కతే. గుంటూరు మిషన్ హాస్టల్లో పక్క పక్క మంచాల మీద పడుకున్న స్నేహం. ఇప్పుడు బంజారా హిల్స్‌లో ఒక చిన్న నర్సింగ్ హోంలో సిస్టరు. డాక్టర్లకొచ్చే విదేశీ పత్రికల్లో ఈ జబ్బు ప్రస్తావన కనపడితే చాలు, జిరాక్సు తీయించి తెచ్చేది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరూ షేక్‌పేటలోని కరుణ గదిలో నిఘంటువు ముందేసుకుని ఒక్కో మాటా కూడబలుక్కునేవారు. మొదట ఏదో పాత వైరస్ అన్నారు. తర్వాత కొత్త వైరస్ దొరికిందన్నారు. ఆ కబురు చదివిన ఏడాదంతా కరుణ పండగ చేసుకున్నట్టే తిరిగింది. తీరా ఇంకో చోట వెతికినవాళ్లు అలాంటిదేమీ లేదని తేల్చారు. ఇంట్లో దొంగ దొరికాడని సంబరపడుతుంటే, పోలీసులొచ్చి అసలు దొంగే లేడని చెప్పి వెళ్లినట్టయింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. ఆ పైన గ్రంథుల రసాలు కొంచెం తక్కువన్నారు, మెదడుకు రక్తం చాలడం లేదన్నారు. ఒకటి పోతే ఇంకొకటి పట్టుకుని ఆమె చదువుతూనే ఉంది.

చివరకు వచ్చింది ఈ కాగితం. ఇలాంటి రోగుల్ని బల్లకు కట్టి, బల్లను నిలబెట్టి చూశారట. కొంతసేపటికి చాలామందికి రక్తపోటు పడిపోయిందట. కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ కొలిస్తే దొరకనిది, నిలబెడితే దొరికింది. కరుణ ఆ ముక్క చదివి, నిఘంటువు మూసింది. ఆ కాగితంలో పేర్లు లేవు. ఒకచోట ముప్పై నాలుగేళ్ల స్త్రీ, ఒకప్పుడు నర్తకి, జ్వరం తర్వాత కోలుకోలేదని రాసి ఉంది. కరుణకూ ముప్పై నాలుగే. ఎక్కడో సముద్రాల అవతల, తెలియని గదిలో, తన వయసు మనిషి బల్లకు కట్టించుకుని నిలబడింది. తనకు ఆమె డూపా, ఆమెకు తను డూపా అనిపించింది.

పోయిన నెల తెరెసా బతిమాలగా డాక్టరు సత్యనారాయణమూర్తి ఒప్పుకున్నాడు. కట్టే బల్ల లేదు కాబట్టి గోడకు ఆనుకుని నిలబడమన్నాడు. ఆ రోజు కరుణ షూటింగు నుంచి ఎండనపడి, ఏమీ తినకుండా వెళ్లింది. పరీక్ష మొదలుపెట్టక ముందే సొమ్మసిల్లింది. తిండి తినకుండా వస్తే ఎవరైనా పడతారమ్మా, ఇందులో జబ్బేముంది అన్నాడు ఆయన. అందుకే ఈసారి ఏ సాకూ మిగలకూడదు. కడుపునిండా తినాలి, ఒళ్లు అలవకూడదు, మంచి మనిషిలా నడిచి వెళ్లి నిలబడాలి. ఇవాళ కాకపోతే ఆయన ఇంకోసారి ఒప్పుకోడు.

హాలు మధ్యలో నవారు మంచం వేశారు. షూటింగు జరుగుతున్న బంగళా గోడ పక్కనే జూబ్లీ హిల్స్ బండరాయి ఒకటి ఇంటి కంటే ఎత్తుగా ఉండటంతో, ఆ గదిలోకి పట్టపగలు కూడా వెలుతురు రాదు. కరుణ మంచం మీద వెల్లకిలా పడుకుంది. పాలిపోయిన ముఖం మీద లైటు ఎలా పడుతుందో చూడాలని ఆమెకూ తెల్ల పౌడరు రాయించాడు సూర్యప్రకాశరావు. మెడలో బంతిపూల దండ వేశారు. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టారు. రాజమ్మ కళ్లు పక్కకు తిప్పుకుంది.

కరుణకు మాత్రం హాయిగా ఉంది. పనిలో పడుకోమన్నది ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. రక్తం కాళ్లలోంచి మెల్లగా వెనక్కి వచ్చి ఒళ్లంతా సర్దుకుంది. చుట్టూ కూర్చున్న జూనియర్ ఆర్టిస్టులు ఏడుపు సాధన చేస్తున్నారు. ముందు దొంగ ఏడుపే. కాసేపటికి తలాపిన ఉన్న ఒక ముసలామె గొంతు నిజంగానే జీరపోయింది. "ఏమైందమ్మా?" అని ఎవరో అడిగారు. "ఏమో, ఈ పిల్లను చూస్తుంటే ఆగటం లేదు" అందామె. కరుణ కళ్లు తెరిచి, నేను బాగానే ఉన్నానండీ అని చెప్పాలనుకుంది. లైటు చూస్తున్నారు కదా అని ఊరుకుంది.

అప్పుడు గరగరమని చప్పుడు వినిపించింది. కెమెరా తిరుగుతున్న చప్పుడు.

"ఎవరయ్యా ఆన్ చేసింది?" అని సూర్యప్రకాశరావు కసిరాడు. ఫోకస్ చూద్దామని నొక్కానంటూ అసిస్టెంటు నసిగాడు. "సరేలే, ఫిల్ము నాలుగు అడుగులే కదా. కోసి పారేద్దాం. కరుణా, లేమ్మా."

రాజమ్మ చేతిలోని చీర కింద పెట్టి ముందుకొచ్చింది. ఆ పరిశ్రమలో ఒక కట్టడి ఉంది. శవంగా పడుకున్న వాళ్ల మీద కెమెరా తిరిగితే, ఆ మనిషి లేవగానే అదే కెమెరా ముందు నవ్వాలి. ఫొటో తీస్తారు, నోట్లో మిఠాయి పెడతారు. అది జరిగేదాకా ఆ మనిషిని గడప దాటనివ్వరు. దేవుణ్ని నమ్మని దర్శకులు కూడా ఈ ఒక్కటీ తప్పరు.

"సార్, కెమెరా తిరిగింది గద. ఈ బిడ్డను గూడ నవ్వియ్యుండ్రి" అంది రాజమ్మ.

"తెర మీదికి వచ్చేవాళ్లకు కదా రాజమ్మా అది. ఈ ముక్క ఉండదు. ఉండని దానికి నవ్వెందుకు?" అన్నాడు సూర్యప్రకాశరావు. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. ఆయనకు షాటు తొందర.

"తిరిగిందంటె తిరిగినట్టె. మంచిది గాదు సార్."

"మాకు ఆ పట్టింపులు లేవులే రాజమ్మా. చర్చికి పోయేవాళ్లం" అంటూ కరుణ కాలివేళ్ల ముడి విప్పుకుంది. అసలు సంగతి వేరు. నవ్వడానికి కూడా ఒంట్లోంచి కొంత తీయాలి. నిలబడి, ముఖం సాగదీసి, ఫొటో తీసే అతను భోజనం చేసి వచ్చేదాకా ఆగాలి. ఉన్న కాస్తా నాలుగింటికి దాచుకోవాలి.

"గట్లనకు బిడ్డా. నా కోసమన్న నవ్వు" అంది రాజమ్మ చెయ్యి పట్టుకుని.

"రేపు నవ్వుతాను. ఒట్టు."

పప్పూ పెరుగూ కలిపి కడుపునిండా తిని, కరుణ బయల్దేరేసరికి లోపల మంజులత షాటు అయిపోయింది. ఆ పిల్ల మంచం మీద లేచి కూర్చుని కెమెరా వంక చూసి పకపకా నవ్వుతోంది, అందరూ చప్పట్లు కొడుతున్నారు. "అంతసేపు ఒక మనిషి పడుకున్న చోటు, ఇంత చల్లగా ఉందేంటండీ?" అని ఎవరినో అడుగుతోంది. కరుణ గుమ్మం దాటుతుండగా వెనక నుంచి సూర్యప్రకాశరావు గొంతు వినిపించింది. "కరుణా, అలాగే ఉండు, కదలకు." ఆమె ఉలిక్కిపడి తిరిగి చూసింది. ఆయన ఆమె వైపు చూడటం లేదు. హాల్లో ఖాళీగా ఉన్న గోడ వైపు మీటరు పట్టుకుని చూస్తున్నాడు. అలవాటు కొద్దీ అన్నాడులే అనుకుని ఆమె ఆటో ఎక్కింది.

ఆటోవాడు అద్దంలో ఒకసారి చూశాడు, మళ్లీ చూశాడు. "దవాఖానకా అమ్మా?"

"అవునయ్యా."

"జర గట్టిగ పట్టుకొని కూసో" అని, గుంతల దగ్గర నెమ్మదిగా పోనిచ్చాడు. పౌడరు తుడుచుకోలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. కొంగుతో తుడుచుకుంటే సగమే పోయింది.

నర్సింగ్ హోంలో తెరెసా ఆమెను చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఇదేం వేషమే?" అంటూ దూది తడిపి ముఖం తుడిచింది. తిన్నావా అని మూడుసార్లు అడిగింది. పరీక్ష గదిలో బల్ల మీద పడుకోబెట్టి బీపీ చూస్తే, ఏ లోటూ లేదు.

"నా కంటే బాగుందమ్మా నీకు" అన్నాడు సత్యనారాయణమూర్తి నవ్వుతూ. "సరే, నిలబడు. సిస్టర్ ముచ్చట ఎందుకు కాదనాలి."

కరుణ ఆకుపచ్చ గోడకు వీపు ఆనించి నిలబడింది. అలవాటుగా గడ్డం పైకి లేచింది. తెరెసా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చెప్పింది. బాగానే ఉంది. కాసేపాగి మళ్లీ చెప్పింది. బాగానే ఉంది. డాక్టరు కిటికీలోంచి తన కారు వంక చూశాడు. "ఇక చాలేమో సిస్టర్."

నిలబడి ఉండగానే కరుణకు అర్థమైంది. కుచ్చెళ్ల చాటున కాలివేళ్లు ముడుచుకుని ఉన్నాయి. పిక్కలు రాళ్లలా బిగుసుకుని ఉన్నాయి. పడిపోకూడదని ఇన్నేళ్లూ నేర్పిన కాళ్లు ఇవాళ కూడా తమ పని తాము చేస్తున్నాయి.

"ఇంకొంచెంసేపు ఉండనివ్వండి డాక్టరుగారూ. నిలబడటం నాకు అలవాటేనండీ" అంది.

తర్వాత కాలివేళ్లు ఒక్కొక్కటే వదిలింది. పిక్కలు వదిలింది. సెట్టులో ఒక్కనాడూ చేయని పని అది. భయం వేసింది. ఒళ్లు తనంతట తను ఏం చేయాలనుకుంటే అది చేయనిచ్చింది. లోపల ఏదో మెట్లు దిగినట్టు కిందికి దిగిపోవడం తెలిసింది. గదిలో చప్పుళ్లు దూరమయ్యాయి. ముఖం మీద ఎక్కడిదో లైటు వేడి తగిలింది. అక్కడ లైటు లేదు.

తెరెసా గాలి కొట్టింది. స్టెతస్కోపు సర్దుకుని మళ్లీ కొట్టింది. "సార్" అంది. డాక్టరు వచ్చి స్టెతస్కోపు ఆమె దగ్గర లాక్కుని తనే విన్నాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"పడిపోతోంది. బాగా పడిపోతోంది. పడుకోబెట్టు, త్వరగా!"

ఆ మాట వినపడి కరుణ నవ్వింది. చప్పుడు లేకుండా మొదలైన నవ్వు, ఇద్దరూ ఆమెను బల్ల మీదికి చేర్చేటప్పుడు గట్టిగా బయటికొచ్చింది. అంత సంతోషం ఆమెకు ఎన్నేళ్లుగానో లేదు.

కాళ్లు ఎత్తిపెట్టాక అంకెలు వెనక్కి వచ్చాయి. డాక్టరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "నేను పొరపాటు పడ్డానమ్మా. ఇది నీ మనసులో లేదు. ఒంట్లోనే ఉంది."

"ఇంకోసారి చెప్పరా అండీ" అంది కరుణ.

ఆయన మళ్లీ చెప్పాడు. రేపటి నుంచి మందు మొదలుపెడదామన్నాడు, చీకటి పడేదాకా కదలొద్దని చెప్పి వెళ్లాడు.

తెరెసా పట్టీని విప్పకుండానే ఆమె చేతి మీంచి కిందికి జార్చి తీసి, పక్కన స్టూలు మీద పెట్టింది. కరుణ ఆమె వేళ్లు పట్టుకుంది. "ఆమెకు చెప్పాలే."

"ఎవరికే?"

"ఆ కాగితంలో ఆమెకి. పేరు లేనామెకి. మనమూ లెక్కలోకి వచ్చామని."

"ముందు కాస్త పడుకో. వార్డు చూసొస్తాను" అంది తెరెసా. దుప్పటి కప్పి, ఫ్యాను తగ్గించి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. కరుణ వెల్లకిలా, రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని పడుకుని ఉంది. నిద్రపోయిందనుకుంది తెరెసా. ఇన్నాళ్లకు నిశ్చింతగా నిద్రపోయింది, లేపడం ఎందుకని తలుపు దగ్గరే ఆగింది. ఆగాక ఏదో తేడా తోచింది. హాస్టల్లో అన్నేళ్లు పక్క మంచం మీద చూసింది. కరుణ ఎప్పుడూ మోకాళ్లు ముడుచుకుని, గోడ వైపు తిరిగి పడుకునేది. తెరెసా దగ్గరికి వెళ్లి నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

డాక్టరు వచ్చాడు. చేయవలసినవన్నీ చేశాడు. తర్వాత తల వంచుకుని బయటికి వెళ్లాడు.

వరండాలో ఫోను మోగింది. తెరెసా వెళ్లి తీసింది. రాజమ్మ గొంతు, ఆయాసంగా.

"సిస్టరమ్మా, కరుణ మీ దగ్గర్కి వస్తనన్నది గద? వచ్చిందా?"

"వచ్చింది" అంది తెరెసా.

"మరి ఎప్పుడు మల్లొచ్చిందమ్మా? గిప్పుడె సార్లు సామాను సదురుతుంటె సూశిన. హాల్ల గోడ కాడ నిలవడ్డది. పొద్దుమీకింది, ఇంటికి పో బిడ్డా అంటె పలుకత లేదు. లైట్లన్ని ఆర్పిన్రు. చీకట్లనె నిలవడ్డదమ్మా. నాకు భయమైతున్నది. జర నువ్వు చెప్పు ఆమెకు, ఇగ చాలు, కూసోమని."

తెరెసా ఫోను చెవికి పెట్టుకుని, తెరిచి ఉన్న తలుపులోంచి గదిలోకి చూసింది. దుప్పటి ముఖం మీదుగా కప్పి ఉంది. దాని పక్కన స్టూలు మీద బీపీ పట్టీ, లోపల చెయ్యి లేకపోయినా, సన్నటి చెయ్యంత గుండ్రంగా చుట్టుకునే ఉంది.